పద్దెనిమిదో రోజా, గుగ్గిళ్ళలో ఉప్పు: అసలు ఉపవాసం దేనికి?

రఫీ_కడప | 18వ రోజా, రాత్రి 10:50

అస్సలాము అలైకుమ్. మిగతా మిత్రులకు నమస్కారం.

తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) చదివి ఇంటికొచ్చాను. నిద్ర పట్టడం లేదు. మనసులో ఉన్నది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఏడో ఏట రోజా రఖాయి, అంటే మొదటి ఉపవాసం వేడుక, చేశారు. కొత్త బట్టలు వేసి, మెడలో పూలదండ వేసి, చుట్టాలందర్నీ పిలిచారు. పెద్దయ్యాక రంజాన్‌లో ఒక్క రోజా కూడా వదల్లేదు. 2018లో మే ఎండల్లో బైక్ మీద ఆఫీసుకి వెళ్తూ కూడా ఉన్నాను. ఆకలి నాకు పెద్ద కష్టం కాదు.

ఇవాళ ఇఫ్తార్‌కి మా ఆవిడ శనగ గుగ్గిళ్ళు చేసింది. ఖర్జూరం తిని, నీళ్ళు తాగి, ఒక చెంచా గుగ్గిళ్ళు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. "ఉప్పు కూడా చూసుకోవా?" అని గట్టిగా అని గిన్నె పక్కకి నెట్టేశాను. ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె ఖర్జూరం ఇంకా చేతిలోనే ఉంది. పిల్లలిద్దరూ మా ముఖాలు చూస్తున్నారు.

మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజులో నిలబడ్డాక తట్టింది. ఆమె కూడా రోజాలోనే ఉంది. రుచి చూడకుండా వండింది. పదమూడు గంటలు ఆకలికి ఓర్చుకున్నవాణ్ణి, ఉప్పుకి ఓర్చుకోలేకపోయాను.

నా ప్రశ్న ఇది. రోజా ఎందుకని అడిగితే ఆరోగ్యానికి మంచిదంటారు, పేదల ఆకలి తెలుస్తుందంటారు. ఆరోగ్యం కోసమే అయితే డైట్ చాలు. పేదల ఆకలి తెలియడానికే అయితే, రోజూ పస్తులుండే పేదవాడి మీద కూడా రోజా ఎందుకు విధిగా ఉంది? ఇన్నేళ్ళు ఉండి కూడా నాలో ఏం మారిందో నాకు కనిపించడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

సూటి_ప్రశ్న | 18వ రోజా, రాత్రి 11:15

రఫీ గారూ, నిజాయితీగా రాశారు. నేను ఏ మతమూ పాటించను, నొప్పించాలనీ లేదు. కానీ మీరు అడిగిందే నేనూ అడుగుతాను. సర్వశక్తిమంతుడైన దేవుడికి మనిషి ఆకలితో పనేంటి? పగలంతా కడుపు మాడ్చుకుని, సాయంత్రం నుంచి తెల్లవారే దాకా హలీం, బిర్యానీ, కబాబ్ అంటూ రోడ్లన్నీ కిక్కిరిసిపోతే అది త్యాగమెలా అవుతుంది? భోజనం వేళలు మార్చుకోవడమే కదా?

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, ఉదయం 6:05

రఫీ బేటా, వ అలైకుమ్ అస్సలామ్. నేను రిటైరైన టీచర్ని, గుంటూరు. ఇక్కడ అందరూ మాస్టారు అంటారు. ఫజ్ర్ (వేకువ నమాజు) చదివి వచ్చి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు నీ పేదవాడి ప్రశ్న. నువ్వు అన్నది సరైన మాటే. పేదల ఆకలి తెలియడం రోజాలో ఒక లాభం, దాన్ని కాదనను. కానీ ఖుర్ఆన్ చెప్పిన కారణం అది కాదు. అల్-బఖరా సూరాలో 183వ ఆయత్ (వాక్యం) చూడు. విశ్వాసులారా, మీకు ముందున్నవారికి విధించినట్టే మీకూ ఉపవాసం విధించాం అంటూ, ఎందుకో అక్కడే చెప్పాడు: మీలో తఖ్వా కలగడానికి. ఆరోగ్యం మాట లేదు, పేదరికం మాట లేదు. ఆ తఖ్వా కలవాడికీ కావాలి, లేనివాడికీ కావాలి. అందుకే ఇద్దరికీ రోజా.

తఖ్వాని చాలామంది "దైవభీతి" అని తెలుగు చేస్తారు. ఆ ఒక్క మాటలో అది ఇమడదు. కాపాడుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. తఫ్సీర్లలో (ఖుర్ఆన్ వ్యాఖ్యానాల్లో) ఒక సంభాషణ ఉంది. తఖ్వా అంటే ఏమిటని ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ (ర) మరో సహచరుడు ఉబయ్ బిన్ కఅబ్ (ర)ని అడిగారు. "మీరెప్పుడైనా ముళ్ళదారిలో నడిచారా?" అన్నారాయన. నడిచానన్నారు. "అప్పుడేం చేశారు?" బట్టలు పైకి పట్టుకుని, చూసి చూసి అడుగేశానన్నారు. "అదే తఖ్వా." చిన్నప్పుడు తుమ్మచెట్ల గట్టు మీద చెప్పుల్లేకుండా బడికి నడిచినవాణ్ణి నేను. ఆ మాట చదవగానే నాకు అరికాలి కింద తెలిసింది.

మరి తిండి మానేస్తే ఆ చూపు ఎలా వస్తుంది? నీకు తెలిసిన సంగతే చెప్తాను. అసర్ (సాయంత్రపు) నమాజుకి వజూ చేస్తావు, అంటే కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుంటావు. అప్పటికి నాలుక పిడచకట్టి ఉంటుంది. దోసిట్లో చల్లటి నీళ్ళు పట్టి నోట్లో పోసుకుంటావు. ఆ నీళ్ళకీ గొంతుకీ మధ్య రెండంగుళాలు కూడా లేదు. ఒక్క గుక్క లోపలికి జారినా పక్కన కూర్చుని వజూ చేసేవాడికి తెలియదు, ఇమాంకి తెలియదు, ఇంట్లోవాళ్ళకి తెలియదు. అయినా ఉమ్మేస్తావు. ఎవరు చూస్తున్నారని?

నమాజు పదిమందిలో చదువుతాం. జకాత్ (విధిగా ఇచ్చే దానం) సంగతి పుచ్చుకున్నవాడికి తెలుస్తుంది. హజ్‌కి వెళ్తే ఊరంతా దండలేసి సాగనంపుతుంది. రోజా మటుకు ఉన్నవాడికీ, అల్లాహ్‌కీ మధ్య ఉండేది. అందుకే అల్లాహ్ అన్నాడని ప్రవక్త (స) చెప్పారు: ఆదం బిడ్డ చేసే ప్రతి పనీ అతనిది, ఉపవాసం మాత్రం నాది, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను. ప్రవక్త మాటల సంకలనాలైన బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్న హదీసు ఇది. "నాది" అన్న ఆ మాట దగ్గర నేను ప్రతి రంజాన్‌లో ఆగిపోతాను.

ఎవరూ చూడని చోట నోటి దాకా వచ్చిన నీళ్ళని ఆపగలిగినవాడు, నోటి దాకా వచ్చిన మాటని కూడా ఆపాలి. రోజా నేర్పే పాఠం అదే. నిన్న నీ దగ్గర ఆగనిది ఆ మాటే.

---

తులసికోట | 19వ రోజా, ఉదయం 9:30

మాస్టారూ, చదువుతుంటే చాలా హాయిగా ఉంది. మాది రాజమండ్రి. ఏకాదశి ఉపవాసాలు ఉండే ఇంట్లో పెరిగాను. మా పక్కింటి ఫాతిమా అత్తయ్య రోజా ఉన్నంతసేపూ ఉమ్మి కూడా మింగకూడదేమో అని చిన్నప్పుడు అనుకునేవాళ్ళం. అది నిజమేనా?

ఇంకొకటి. "ఉపవాసం" అంటే దగ్గరగా నివసించడం అని మా తాతగారు చెప్పేవారు. ఉప అంటే సమీపం, వాసం అంటే ఉండటం. దేవుడి దగ్గర ఉండటమే అసలు సంగతి, తిండి మానడం దానికి వీలు కల్పించుకోవడం అనేవారు. మీ దగ్గర కూడా ఈ ఆలోచన ఉందా?

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, ఉదయం 10:10

అమ్మా, ఉమ్మి మింగితే రోజా పోదు. అది జనం అనుకునే మాట. మరిచిపోయి అన్నం తినేసినా రోజా పోదు, గుర్తురాగానే ఆపి మిగతా పొద్దు పూర్తి చేయాలి. అతనికి అల్లాహ్ తినిపించాడు, తాగించాడు అన్నారు ప్రవక్త (స).

మీ తాతగారి మాటకి నా దగ్గర మంచి జవాబుంది. ఉపవాసం గురించిన ఆయతులు 183 నుంచి 187 దాకా వరసగా వస్తాయి. జబ్బుపడినవాళ్ళు, ప్రయాణికులు ఏం చేయాలి, తెల్లదారం నల్లదారం విడివడి కనిపించే వేకువ, రాత్రి భార్యాభర్తల సంగతి, అన్నీ నియమాలే. ఆ నియమాల నడుమ 186వ ఆయత్‌లో తిండి ఊసే ఉండదు. నా దాసులు నా గురించి నిన్ను అడిగితే, నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడు పిలిచినప్పుడు పలుకుతాను అని ఉంటుంది. దగ్గరే ఉన్నాను! రోజాల వరస మధ్యలో ఈ మాట ఎందుకొచ్చిందని నేను చాలాకాలం ఆలోచించాను. మీరు ఇవాళ రాసిన "ఉపవాసం" మాటలో దానికి తెలుగు దొరికింది. మా మసీదులో పిల్లలకి ఇది చెప్తాను.

---

ఒక్కపొద్దు_ఒంగోలు | 19వ రోజా, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, సలాం. మేం దూదేకులోళ్ళం, ఒంగోలు దగ్గర పల్లె. మా ఇంట్లో ఉర్దూ రాదు, అరబీ చదవడం కూడా నాకు రాదు. మా నాయనమ్మ రోజాని "ఒక్కపొద్దు" అనేది. వేకువజామున అన్నం పెరుగు కలుపుకుని తిని, "దేవుడా, రేపు ఒక్కపొద్దుంటున్నా, నిలబెట్టు" అని తెలుగులోనే చెప్పుకునేది. ఇప్పుడు షాపులవాళ్ళు పంచే రంజాన్ టైంటేబుల్ కార్డు మీద సహరీ (వేకువ భోజనం) నియ్యత్ అరబీలో ఉంటుంది. అది చదవకపోతే రోజా చెల్లదని మా ఊరి కుర్రాడొకడు అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. నాయనమ్మ రోజాలన్నీ పోయినట్టేనా?

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, మధ్యాహ్నం 12:45

పోలేదు నాన్నా. ఆ కార్డు మీద ఉన్న మాటలు హదీసుల్లో లేవు, తర్వాతి కాలంలో వాడుకలోకి వచ్చినవి. చదివితే తప్పులేదు, చదవకపోతే లోటులేదు. నియ్యత్ అంటే మనసులో అనుకోవడం. రేపటి ఉపవాసం కోసమని సహరీకి లేచి కూర్చోవడంలోనే అది ఉంది. మీ నాయనమ్మ మాట అల్లాహ్‌కి తెలుగులో అర్థమైంది. నువ్వు నిశ్చింతగా ఉండు.

---

మల్లెపందిరి | 19వ రోజా, మధ్యాహ్నం 2:40

రఫీ భాయ్, మీ పోస్టు నిన్న రాత్రే చదివాను. వెంటనే రాస్తే కోపంగా రాస్తానని ఆగాను.

మాది నెల్లూరు, నాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. మగవాళ్ళకి తెలియని రోజా ఒకటుంది, దాని గురించి చెప్తాను. అసర్ తర్వాత నిద్ర ముంచుకొచ్చే వేళకి మేం పొయ్యి ముందు నిలబడతాం. పకోడీల నూనె వాసన, పుదీనా వాసన, తరిగిన పుచ్చకాయ చల్లదనం చేతికి తగులుతుంటుంది. ఆకలి మీకూ మాకూ సమానం. మా ఆకలి మటుకు తిండి చేత్తో పట్టుకుని ఉంటుంది. ఉప్పు అందాజా మీద వేస్తాం. వేశామో లేదో తర్వాత గుర్తుండదు.

మన హనఫీ సంప్రదాయపు ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) పుస్తకాల్లో ఒక మసలా (నియమం) ఉంది. భర్త కోపిష్టి అయితే భార్య నాలుక కొసతో ఉప్పు చూసి ఉమ్మేయవచ్చు, రోజా పోదు. పెళ్ళయిన కొత్తలో అది చదివి ఏడ్చాను. వెయ్యేళ్ళ కిందటి ఆ పెద్దలకి కూడా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు మగవాడి ముఖం ఎలా మారుతుందో తెలుసన్నమాట. ఆడదాన్ని కాపాడటానికి దారి చూపించారు.

ఇంకో సంగతి. నెలసరి రోజుల్లో మాకు రోజా లేదు, తర్వాత లెక్కపెట్టి తీర్చుకుంటాం. అయినా ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్ళు మామగారికీ, మరుదులకీ తెలియకూడదని సహరీకి లేచి తిన్నట్టు నటించి, పగలు వంటింటి తలుపు చాటున గ్లాసు నీళ్ళు దొంగల్లా తాగుతారో మీకు తెలియదు. నేను పదేళ్ళు అలా చేశాను. ఒకరోజు అర్థమైంది. ఉండమన్నప్పుడు ఉండటం ఎంత ఇబాదతో (ఆరాధనో), ఉండొద్దన్నప్పుడు ఉండకపోవడమూ అంతే. రెండూ ఆయన మాటే. ఆ రోజు నుంచి కుర్చీ వేసుకుని కూర్చుని తాగుతున్నాను. మా కూతురికీ అదే చెప్పాను.

మీరు ఇక్కడ మా అందరికీ చెప్పారు. ఆమెతో ఏమన్నారు?

---

రఫీ_కడప | 19వ రోజా, మధ్యాహ్నం 3:05

ఇంకా ఏమీ అనలేదు ఆపా (అక్కా).

---

డాక్టరు_కర్నూలు | 19వ రోజా, మధ్యాహ్నం 3:30

మల్లెపందిరి గారు రాసిన "ఉండొద్దన్నప్పుడు ఉండకపోవడం" నా ఓపీలో రోజూ కనిపించే సమస్య. ఇన్సులిన్ మీద ఉన్న ఒక పెద్దాయన పోయిన రంజాన్‌లో చెప్పకుండా రోజాలు ఉండి, షుగర్ పడిపోయి స్పృహ తప్పిన స్థితిలో వచ్చారు. కోలుకున్నాక ఇక ఉండొద్దన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "అరవై ఏళ్ళ అలవాటు డాక్టరుగారూ, అల్లాహ్‌కి ముఖం ఎలా చూపించను?" అన్నారు.

నేను మతపండితుణ్ణి కాను, కానీ ముస్లింని. 185వ ఆయత్‌లోనే ఉంది, అల్లాహ్ మీకు సులువు కోరుతున్నాడు, కష్టం కోరడం లేదని. నయమయ్యే జబ్బయితే తర్వాత తీర్చుకోవచ్చు, నయం కానిదైతే ఒక్కో రోజాకి ఒక్కో పేదవాడికి అన్నం పెట్టాలి. ఆయనతో అదే అన్నాను: చాచా, మీ రోజా ఇప్పుడు ఇంకొకరి కంచంలో ఉంది. ఈ ఏడు ముప్పై మందికి భోజనం పెట్టిస్తున్నారు. ఇంకా కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు, అది వేరే సంగతి.

షుగర్ ఉన్నవాళ్ళు రంజాన్‌కి నెల, నెలన్నర ముందే డాక్టర్ని కలవండి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమాలు (మతపండితులు) చెప్పారు. 70 కన్నా కిందికి పడితే ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఉన్నా ఆగకండి, వెంటనే ఏదైనా తీపి తీసుకోండి.

---

సూటి_ప్రశ్న | 19వ రోజా, సాయంత్రం 5:00

మాస్టారూ, వజూ నీళ్ళ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఎవరూ చూడని చోట మాట మీద నిలబడటం దేవుణ్ణి నమ్మని నాకూ కావాల్సిన గుణమే. కానీ రోజంతా "పైవాడు చూస్తున్నాడు" అనుకుంటూ బతికేది భయమే కదా? దాన్ని సంస్కారమని ఎలా అంటారు? హలీం సంగతికి కూడా జవాబు రాలేదు.

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, రాత్రి 8:00

హలీం గురించి మీరడిగింది న్యాయమైన ప్రశ్న. దీన్ని మీకంటే ముందు, తొమ్మిది వందల ఏళ్ళ కిందట, ఇస్లాం పండితుడు ఇమాం గజాలీ అడిగారు. పగలు పోగొట్టుకున్నదంతా ఇఫ్తార్‌లో రాబట్టుకుంటే రోజా వల్ల ఏం ఒరిగింది, మిగతా నెలల్లో తినని రకాలు కూడా ఈ నెలలో తింటున్నారే అని బాధపడ్డారాయన. ఆయన రోజాని మూడు మెట్లుగా చెప్పారు. మొదటిది కడుపూ, కోరికా మానుకోవడం. రెండోది కన్ను, చెవి, నాలుక, చేయి, కాలు కూడా రోజా ఉండటం. మూడోది మనసు అల్లాహ్ తప్ప మరో ధ్యాస లేకుండా ఉండటం. మూడోది మహాత్ములకి. రెండో మెట్టు మీద కాలు నిలుపుకోవడానికే నా జీవితం సరిపోయింది.

రఫీ బేటా, నీ సంగతి ఈ రెండో మెట్టు దగ్గరిదే. అరబీలో "సౌమ్" అంటే ఆపుకోవడం. మేత ముట్టకుండా కదలక నిలబడిన గుర్రానికి కూడా పాత అరబ్బులు ఆ మాట వాడేవారు. ఖుర్ఆన్‌లో మర్యమ్ (అ), అంటే మేరీ, పసిబిడ్డ ఈసా (అ)ని, అంటే యేసుని, ఎత్తుకుని జనంలోకి వచ్చేముందు, కరుణామయుడి కోసం సౌమ్ మొక్కుకున్నాను, ఇవాళ ఏ మనిషితోనూ మాట్లాడను అని చెప్పమని ఆదేశం వచ్చింది. ఆవిడ సౌమ్ మాట ఆపుకోవడం. అబద్ధాన్నీ, దాని ప్రకారం నడుచుకోవడాన్నీ వదలనివాడు అన్నపానాలు వదిలినా అల్లాహ్‌కి అవసరం లేదని ప్రవక్త (స) అన్నారు. దేవుడికి ఆకలితో పనేంటన్నారు కదా సూటి గారూ, జవాబు ఆ హదీసులోనే ఉంది. ఏ పనీ లేదు.

భయం సంగతి. కన్నతల్లి గదిలో ఉందని తెలిసి పిల్లాడు బూతు మాట మింగేస్తాడు. అది దెబ్బలకి భయపడి అంటారా? కొంత అదీ ఉండొచ్చు. కానీ ఆవిడ మనసు కష్టపెట్టకూడదన్నదే ఎక్కువ. తఖ్వాలో నాకు తెలిసిన భయం అలాంటిది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

---

సూటి_ప్రశ్న | 19వ రోజా, రాత్రి 8:25

పూర్తిగా ఒప్పుకోలేను మాస్టారూ. తల్లి చూపూ దేవుడి చూపూ ఒకటి కాదు నాకు. కానీ తల్లి మాట మనసులో పెట్టుకుంటాను.

---

జగిత్యాల_దుబాయ్ | 19వ రోజా, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను హిందువును. దుబాయ్ వచ్చి పదేండ్లు దాటింది, కన్‌స్ట్రక్షన్ పని. క్యాంపు రూములో ఎనిమిది మందిమి, ముగ్గురు రోజా ఉంటారు.

2017లో రంజాన్ జూన్‌లో పడ్డది. పదిహేను గంటల రోజా, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. నాతో షట్టరింగ్ పని చేసే బంగ్లాదేశ్ భాయ్ కూడా రోజా ఉండేవాడు. నేను కంటైనర్ వెనక్కి పోయి నీళ్ళు తాగొచ్చేవాణ్ణి. ఒకనాడు ఆయనే బాటిల్ తెచ్చి ఇచ్చిండు. "దాక్కుంటూ పోవాల్సిన పని లేదు, నా ముందే తాగు. నా రోజా నీ నీళ్ళతో పోదు" అన్నడు. బాటిల్ మీద చల్లటి నీటి చుక్కలున్నయి. ఆయన పెదవులు పగిలి ఉన్నయి. నాకు ఆ నీళ్ళు మింగుడు పడలేదు.

ఆ భాయ్ మామూలుగా కోపిష్టి. ఫోర్‌మన్ ఒకటంటే రెండనేవాడు. రంజాన్‌లో మటుకు ఫోర్‌మన్ ఎంత తిట్టినా "నేను రోజాలో ఉన్నా" అని ఒక్క మాట అని పనిలో పడేవాడు. పండగ వెళ్ళిన నాలుగు రోజులకు మళ్ళీ మామూలే. మాస్టారూ, నేను తప్పుపట్టడానికి అడుగుతలేను, ఆయన నాకు అన్న లాంటోడు. ముప్పై రోజులు ఆగిన నోరు తర్వాత ఎందుకు ఆగదు?

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, రాత్రి 10:05

తమ్ముడూ, మీ స్నేహితుడు చెప్పిన ఆ ఒక్క మాట ప్రవక్త (స) నేర్పిందే. రోజా డాలు లాంటిది, ఎవరైనా తిట్టినా, కొట్లాటకి వచ్చినా "నేను ఉపవాసంలో ఉన్నాను" అనమన్నారు. ఆయన నేర్చుకున్నదాన్ని ఆచరించాడు.

తర్వాత ఎందుకు ఆగదన్నది నా ప్రశ్న కూడా. అరవై ఏళ్ళుగా రోజాలు ఉంటున్నాను, నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చేసేది చెప్తాను. పండగ తర్వాత షవ్వాల్ నెల‌లో ఆరు రోజాలు ఉంటాను. తర్వాత ఏడాదంతా సోమవారాలు, వీలైతే గురువారాలు. అప్పుడు ఊళ్ళో ఎవరూ రోజా ఉండరు, సైరన్ ఉండదు, ఇఫ్తార్ సందడి ఉండదు. ఆ రోజాల్లోనే నా నోటి సంగతి నాకు సరిగ్గా తెలుస్తుంది. అప్పుడప్పుడూ జారుతుంది. మళ్ళీ సోమవారం వస్తుంది.

---

రఫీ_కడప | 19వ రోజా, రాత్రి 10:30

మాస్టారూ, నేను చేసిన తప్పుకి కఫ్ఫారా (పరిహారం) లాంటిదేమైనా ఉందా? ఇంకో రోజా ఉండాలా? ఎంత చెప్పినా ఉంటాను.

---

పెద్దమసీదు_వీధి | 19వ రోజా, రాత్రి 10:50

లేదు బేటా, రోజా అయ్యాక జరిగిందది. కానీ నువ్వు కఫ్ఫారా అన్నావు కాబట్టి ఒక హదీసు గుర్తొచ్చింది. ఒకాయన ప్రవక్త (స) దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నాశనమైపోయాను, రోజాలో ఉండగా భార్యతో కలిశాను అన్నాడు. బానిసని విడిపించగలవా? లేదు. రెండు నెలలు వరసగా రోజా ఉండగలవా? లేదు. అరవై మంది పేదలకి అన్నం పెట్టగలవా? లేదు. కూర్చోబెట్టారు. ఇంతలో ఎవరో ఖర్జూరాల బుట్ట తెచ్చారు. ఇది తీసుకెళ్ళి దానం చెయ్యి అన్నారు ప్రవక్త (స). "మాకన్నా పేదవాళ్ళకా? మదీనాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా మాకన్నా లేనివాళ్ళు ఎవరూ లేరు" అన్నాడాయన. ప్రవక్త (స) పళ్ళు కనిపించేలా నవ్వి, అయితే మీ ఇంట్లోవాళ్ళకే పెట్టుకో పో అన్నారు.

నాశనమైపోయానంటూ వచ్చినవాడు ఖర్జూరాల బుట్ట పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. నువ్వు కూడా ఇంట్లోవాళ్ళ దగ్గరికే వెళ్ళు.

---

తులసికోట | 20వ రోజా, ఉదయం 8:15

ఈ కథ మా అమ్మకి చదివి వినిపించాను. "ఆ నవ్వు చూడాల్సింది" అంది.

---

రఫీ_కడప | 20వ రోజా, సాయంత్రం 4:20

రాత్రి సహరీ అయ్యాక మాట్లాడాను. క్షమించమన్నాను. ఆమె చాలాసేపు గిన్నెలు సర్దుతూనే ఉంది. తర్వాత అంది, "ఉప్పు సంగతి కాదండీ. నేను ఖర్జూరం నోట్లో పెట్టుకునేదాకానైనా ఆగాల్సింది." రోజా ఉన్నవాడికి రెండు సంతోషాలని హదీసుల్లో ఉంది కదా, ఒకటి ఇఫ్తార్ అప్పుడు, ఇంకొకటి తన ప్రభువుని కలుసుకున్నప్పుడు. ఆ మొదటి సంతోషం నేను ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను. ఆ మాట ఆమె అనలేదు, నాకే అనిపించింది.

ఆ మాటా ఈ మాటా వచ్చి, చివరి పది రోజులు ఏతెకాఫ్ (మిగతా పనులు వదిలి ఒకచోట ఆరాధనలో ఉండటం) కూర్చోవాలని పెళ్ళి కాకముందు నుంచీ ఉందని చెప్పింది. మన హనఫీల్లో ఆడవాళ్ళు ఇంట్లోనే నమాజు చేసుకునే చోట కూర్చోవచ్చు. పన్నెండేళ్ళుగా ఎందుకు అడగలేదన్నాను. "వంట ఎవరు చేస్తారు?" అంది.

ఈ రోజు మగ్రిబ్ కాకముందే ఆమె కూర్చోవాలి. ముందుగది పక్కన మూలకి దుప్పటి కట్టి జానిమాజ్ (నమాజు చాప), ఖుర్ఆన్, రెహల్ (ఖుర్ఆన్ పెట్టే పీట), నీళ్ళ సీసా పెట్టాను. ఈ పది రోజులు ఇంటి నుంచే పని చేస్తానని మేనేజర్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. సహరీకీ, ఇఫ్తార్‌కీ వంట నాదే. చిన్నది ఇప్పటికే రెండుసార్లు దుప్పటి ఎత్తి లోపలికి చూసొచ్చింది.

మల్లెపందిరి ఆపా, ఒక సాయం చేయాలి. నాకు అన్నం, పప్పు, ఆమ్లెట్ వచ్చు. మిగతావి చెప్తారా?

---

మల్లెపందిరి | 20వ రోజా, సాయంత్రం 4:35

చెప్తాను భాయ్. ఆమెకి నా సలాం చెప్పండి, దుఆలో (ప్రార్థనలో) మమ్మల్ని కూడా తలచుకోమనండి.

రేపటి గుగ్గిళ్ళకి శనగలు ఈ రాత్రే నానబెట్టాలి. ఒక గ్లాసు శనగలకి మూడు గ్లాసుల నీళ్ళు పోయండి. పొద్దున నీళ్ళు ఒంపేసి, మళ్ళీ కడిగి, కుక్కర్‌లో వేసేటప్పుడే ఉప్పు వేయండి. చెంచాకి కాస్త తక్కువ. అప్పుడు వేస్తేనే లోపలికి పడుతుంది.